ముడి విప్పిన పెద్దసిస్టరు

మార్కాపురం నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వరండాలోకి పోతాను, వంటింట్లోకి వస్తాను, పొయ్యి మీద పెట్టిన పాలు మర్చిపోయి మళ్ళీ వరండాలోకి పోతాను. నా కోడలు చూసి చూసి, "ఏందత్తా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అని అడిగింది. మాకు నర్సు ట్రైనింగు ఇచ్చిన పెద్దసిస్టరు చనిపోయిందనీ, ఆమె సంతాపసభకు పోయి వచ్చాననీ ఆ పిల్లకు తెలుసు. పండుముసలిదై నిండుగా బతికిపోయిన మనిషి కోసం ఇంత దిగులేంటని దాని అనుమానం. నాది దిగులు కాదు, కోపం. ఆమె మీదే కోపం. ఇప్పుడు తీర్చుకోవడానికి వీల్లేకుండా పోయింది.

సభలో మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ఆమెను దేవత అన్నారు, త్యాగమూర్తి అన్నారు. ఒకాయనైతే ఆమె ఏనాడూ ఎవరినీ పరుషంగా ఒక్కమాట అనలేదని కూడా చెప్పాడు. వెనక బెంచీల్లో కూర్చున్న మా బ్యాచి ముసలమ్మలమందరం మొహమొహాలు చూసుకున్నాం. నా పక్కన ఖాసింబీ నా చెయ్యి గిల్లి, "ఎవరి సంగతి చెప్తాండాడే ఈయన? మనం సరైన సభకే వచ్చినామా?" అన్నది. ట్రైనింగులో నా పక్కమంచం ఖాసింబీదే. మార్కాపురం పిల్ల, వాళ్ళ నాయనది బట్టల దుకాణం. నవ్వు ఆపుకోలేక ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. ఆ మనిషిని దేవతను చేసి గోడకు తగిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. దేవతలు ఒకచోట కదలకుండా ఉంటారు. ఆమెకు అది చేతకాదు.

కొత్తగా రాష్ట్రం ఏర్పడిన రోజులవి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. పల్లెల్లో కాన్పులు చెయ్యడానికి ఆడపిల్లలను తయారుచెయ్యాలని ఎవరికో పుట్టింది బుద్ధి. మార్కాపురంలో ఒక చిన్న ఆసుపత్రి వెనక, రేకుల కప్పు గదుల్లో మాకు ట్రైనింగు పెట్టారు. ఇప్పుడా గదులూ లేవు, ఆ ఆసుపత్రీ లేదు. నేను పెద్దారవీడు పక్క పల్లె నుంచి ట్రంకుపెట్టె పట్టుకుని దిగేసరికి వాకిట్లో ఒక పొట్టి మనిషి, తెల్లచీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని గబగబా ఎదురొచ్చింది. బాగున్నావా అనలేదు, పేరేంటని అడగలేదు. "చేతులు కడిగావా?" అన్నది. నాకేం అర్థంకాక నా చేతులు చూసుకున్నాను. మా నాయన మర్యాదగా తన చేతులు కూడా చూపించాడు.

అదే ఆమె పలకరింపు. రోగులను అట్లాగే పలకరించేది, డాక్టరును అట్లాగే పలకరించేది. తర్వాత ఎన్నో ఏళ్ళకు నా పెళ్ళికి వచ్చి, బాసికం కట్టుకుని పీటల మీద కూర్చున్న మా ఆయన దగ్గరికి పోయి, "చేతులు కడుక్కున్నావా నాయనా?" అని అడిగింది. ఆ మాట చెప్పి మా ఆయన బతికినన్నాళ్ళూ నన్ను ఏడిపించాడు.

క్లాసు గదిలో ఆమెకో కుర్చీ ఉండేది. దానిమీద మేము తడిగుడ్డలు ఆరేసుకునేవాళ్ళం, ఎందుకంటే ఆమె దాంట్లో కూర్చోగా ఎవరమూ చూసి ఎరగం. పాఠం నడుస్తూ చెప్పేది. గుండె గురించి మొదలుపెడితే ఆడవార్డు, మగవార్డు, వంటశాల దాటి నూతి దగ్గరికి చేరేసరికి గుండె అయిపోయేది. మేము కోడి వెనక పిల్లల్లాగా ఆమె వెనక పరిగెత్తేవాళ్ళం. వెనకబడ్డవాళ్ళకు ఊపిరితిత్తులు సగమే తెలిసేవి. కృష్ణా ఒడ్డున పుట్టిన మనిషి, మా వైపు ఎందుకొచ్చి పడిందో ఎవరికీ చెప్పలేదు. మేము "వచ్చినా, పోయినా" అంటే ఆమె "వచ్చాను, వెళ్ళాను" అనేది. కోపమొస్తే అరిచేది కాదు. అంతకంటే ఘోరం, మా చేతిలో పని లాక్కుని తానే మొదలుపెట్టేది. ఆమె వంగి నేల తుడుస్తుంటే చుట్టూ నిలబడి చూడటం కంటే చెంపదెబ్బ నయమనిపించేది.

ఆమె పెట్టిన పరీక్షల్లో ఒకటి నాకు బాగా గుర్తు. ప్రతి పిల్లా ఒక రోజంతా మంచమెక్కి రోగి కావాలి. లేవకూడదు, తన చేత్తో తినకూడదు, పక్క పిల్ల ఏం చేస్తే అది చేయించుకోవాలి. నాకు నర్సుగా ఖాసింబీ వచ్చింది. జావ తాగించమంటే సగం నోట్లో, సగం ముక్కులో పోసింది. ఒళ్ళు తుడవడానికి చన్నీళ్ళ గుడ్డ చెప్పాపెట్టకుండా వీపు మీద వేస్తే కెవ్వున అరిచాను. సాయంత్రం పెద్దసిస్టరు వచ్చి నా మంచం చుట్టూ తిరుగుతూ, "ఎట్లా ఉందే?" అని అడిగింది. సిగ్గుగా ఉంది సిస్టర్, ఏడుపొచ్చింది అన్నాను. "అది రాసుకోకు. మర్చిపోకు," అని వెళ్ళిపోయింది. మొన్న సభ దగ్గర మా బ్యాచి వాళ్ళం మాట్లాడుకున్నాం, పుస్తకంలో చదివింది చాలావరకు ఎప్పుడో మర్చిపోయాం గానీ చల్లని గుడ్డ వేసేముందు "వేస్తున్నానమ్మా" అని చెప్పడం ఎవరమూ మర్చిపోలేదు. ఒకామె, "మా అత్త మంచాన పడ్డప్పుడు కూడా అట్లనే చెప్పి తుడిచినా. ఆమె చచ్చేదాంక నన్ను తిట్టలేదు, అంతకుముందు తిట్టని రోజు లేదు," అన్నది.

ఇక జుట్టు. పొద్దున్నే వరసగా నిలబెట్టి ఒక్కొక్కరి తల చూసేది. బిగించి అల్లి, చుట్టి, పిన్నులు గుచ్చి, ఒక్క వెంట్రుక కూడా ఎగరకుండా ఉండాలి. వేలితో ముడిని లాగి చూసేది. వదులైతే వెనక్కి పంపేది. "కాన్పు గదిలో జుట్టు ఎగిరే నర్సు కంటే ఈగ నయమే. ఈగనైతే తోలుతారు, నిన్నెవరు తోలుతారు?" అనేది. నాది మోకాళ్ళ దాకా ఒత్తు జుట్టు. రోజూ తిట్లు తిని తిని, చివరికి ముడి ఎంత గట్టిగా బిగించడం అలవాటైందంటే కనుబొమలు పైకి లాక్కుపోయి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్న మొహంతో తిరిగేదాన్ని.

ట్రైనింగు పాసయ్యాక ఖాసింబీని మార్కాపురంలోనే ఉంచుకున్నారు. నన్ను కొమరోలు అవతల ఒక పల్లెకు వేశారు. వానొస్తే పంట, లేకపోతే గొర్రెలు, అంతే ఆ ఊరికి ఆధారం. మంచివాళ్ళే. వాకిట్లో నిలబడితే మజ్జిగ ఇచ్చేవాళ్ళు. కానీ కాన్పు గది గడప మాత్రం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. "పెండ్లి కాని పిల్ల కాన్పు చూడటమేంది? మా ఇంట్ల వద్దులే తల్లీ," అనేవాళ్ళు. లోపల ఎవరో ఒకామె నొప్పులు పడేపిల్ల కడుపు మీద మోకాలు ఆనించి నెడుతున్నదని తెలిసి కూడా నేను బయట సంచి పట్టుకుని నిలబడేదాన్ని. ఒకసారి అట్లా నిలబడి ఉండగానే లోపల ఏడుపులు మొదలయ్యాయి. తల్లీ లేదు, బిడ్డా లేదు. మందుల కోసం మార్కాపురం పోయినప్పుడు ఖాసింబీని పట్టుకుని ఏడ్చాను. ఇక ఆ ఊళ్ళో ఉండలేను, వదిలేసి మా నాయన దగ్గరికి పోతానని చెప్పాను.

పెద్దసిస్టరుకు ఒక అలవాటుండేది. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక బస్సెక్కి తాను పాస్ చేయించిన పిల్లల ఊళ్ళమీద పడేది. ముందుగా కబురు చెయ్యదు. వెనకనుంచి వచ్చి "చేతులు కడిగావా?" అంటే ఉలిక్కిపడి తిరిగి చూడాలి. ఆమె తపనంతా ఒకటే, పంపిన పిల్ల పంపిన చోట నిలబడిందా లేదా అని. పట్నం ఆసుపత్రికి మార్పించమని అడిగినవాళ్ళను ఆమె ఎట్లా చూసేదో అందరికీ తెలుసు. అందుకే నేను ఆమెకు చెప్పకుండా పోవాలనుకున్నాను.

పోదామనుకుంటూ ఉండగానే గొర్రెల కాపరి ఒకాయన ఒకరోజు పొద్దున్నే నా దగ్గరికొచ్చాడు. కూతురు తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది, ముందురోజు నుంచి నొప్పులు, బిడ్డ రావడం లేదు. "మా అమ్మ వద్దంటాది గానీ, నువ్వొకసారి వచ్చి చూడమ్మా," అన్నాడు. ఆ ఊళ్ళో నన్ను పిలిచిన మొదటి మనిషి ఆయన.

పోయి చూశాను. బిడ్డ తల కిందికే ఉంది, గుండె బాగా కొట్టుకుంటున్నది. పిల్లే అలిసిపోయింది, గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టారు. బెల్లం నీళ్ళు తాగించి, లేపి నడిపించి, కత్తెర, దారం గిన్నెలో ఉడకబెట్టి మూత పెట్టాను. తొందరేం లేదు, ఓపిక పడితే చాలు. కానీ ఆ ఇంటి పెద్ద నేను కాదు, వాళ్ళ జేజి, ఆ కాపరి తల్లి. బిడ్డ రాలేదంటే ఇంట్లో ఏదో ముడిపడి ఉందని ఆమె లెక్క. పెట్టెల తాళాలు తీయించింది. గాదె మూత తీయించింది. కుండల మీద మూతలు, మూటల ముళ్ళు, ఎద్దు పలుపు, చివరికి దొడ్డి తడిక కూడా తీయించింది. గొర్రెలన్నీ బిలబిలా బయటపడి జొన్నచేలో దూరితే ఆ కాపరి "బ్బా బ్బా" అని అరుస్తూ వాటి వెనక పరిగెత్తాడు. తర్వాత జేజి వచ్చి నా గిన్నె మూత తీసి పక్కన పెట్టింది. నేను మళ్ళీ ఉడకబెట్టి మూత పెట్టాను. ఆమె మళ్ళీ తీసింది. ఈగలు ముసిరాయి. మూడోసారి నేను గిన్నె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, ఆమె చూపు నా తల మీద పడింది.

"ఇదా కత! నెత్తిన ఇంత ముడి పెట్టుకోని కూసుంటే బిడ్డ యెట్ల దిగుతాది? విప్పు."

"విప్పకూడదు జేజీ, మాకు రూలు."

"మా ఇంట్ల నీ రూలేంది? విప్పన్నా విప్పు, బయటికన్నా పో."

నేను విప్పలేదు. ఎట్లా విప్పుతాను? కాన్పు గదిలో జుట్టు విప్పడమంటే నాకు నడివీధిలో చీర విప్పడం లాంటిది. జేజి నా సంచి తీసుకెళ్ళి వాకిట్లో పెట్టింది. లోపల ఇద్దరు ఆడవాళ్ళు చీరలు ఎగదోపుకుని, కడుపు నెట్టడానికి ఆ పిల్లకు చెరోపక్కన చేరడం చూశాను. ఎండలో నిలబడి ఏడుస్తున్నాను, పళ్ళు నూరుతున్నాను, మళ్ళీ ఈ ఇంట్లో కూడా పీనుగ లేవబోతున్నదని తెలిసి ఏం చెయ్యలేక చస్తున్నాను. అప్పుడు నా వెనక, "చేతులు కడిగావా?" అని వినిపించింది.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిందామె. వెక్కుతూ రెండు మాటల్లో చెప్పాను. ఆమె నా తలకేసి చూసింది. అన్నేళ్ళలో మొదటిసారి నా ముడిలో తప్పు పట్టలేదు. తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, నడుస్తూనే తన పిన్నులు ఒక్కొక్కటి పీకి నా చేతిలో పోసింది. సగం నెరిసిన జుట్టు నడుము దాకా పడింది. ఆమెకు అంత జుట్టుందని మాకెవరికీ తెలియదు. గడప దగ్గర నిలబడి జేజితో అన్నది:

"జేజమ్మా, నా ముడి విప్పాను. దీని ముడి కూడా విప్పిస్తాను. నీ మనవరాలి కడుపు మీద మాత్రం ఎవ్వరూ చెయ్యి వెయ్యకూడదు. ఒప్పుకుంటావా?"

జేజి ఆమెను కిందికీ మీదికీ చూసింది. "ఒప్పుకుంటి. ఏయ్, లెయ్యండే మీరు," అని ఆ ఇద్దరినీ లేపింది.

నా జుట్టు నేను విప్పుకోలేకపోయాను. ఆమే విప్పింది. విప్పి, ఉతికిన పంచె చింపి నా తలచుట్టూ చుట్టి అంచు లోపలికి దోపింది. గిన్నె మీద మూత బదులు ఉడికించిన గుడ్డ పరిచింది. జేజి అనుమానంగా చూస్తే, "ముడీ కాదు, మూతా కాదు. చూసుకో," అన్నది. జేజి వేలితో తడిమి చూసుకుని సరేనన్నది. ఆ పిల్ల వెనక కూర్చుని వీపు పట్టుకోమని జేజికే పని చెప్పింది. నాకేసి తిరిగి, "కానివ్వు," అని బయటికి పోయింది.

"మీరు ఉండరా సిస్టర్?"

"నేనెందుకు? నీ కాన్పు."

తలుపు మూయకూడదు కాబట్టి నాకు వాకిలి కనిపిస్తూనే ఉంది. ఆమె ఒక్క క్షణం నిలబడలేదు. ఆ జుట్టు అట్లాగే గాలికి వదిలేసి, చేలోకి పోయి కాపరితో కలిసి గొర్రెలను అదిలిస్తున్నది. నొప్పికి నొప్పికి మధ్య తలెత్తి చూస్తే ఒకసారి ఇటు పోతూ, ఒకసారి అటు పోతూ కనిపించేది. పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

జేజి బయటికి పోయి ఇరుగుపొరుగుతో, "ముళ్ళు విప్పినాంక దిగింది సూడండి," అని చెప్పుకున్నది. నాకు మండిపోయింది. సిస్టరుతో అంటే, "పోనీవే. పేరు జుట్టుకొస్తే నీకేం పోయింది? రేపు కాన్పొస్తే పిలిచేది నిన్నే గదా," అన్నది.

సాయంత్రం బస్సు దగ్గర ఇక దాచుకోలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని, "నేనూ వస్తాను సిస్టర్. నాకీ ఊరొద్దు. ఈ రోజు మీరు రాకపోతే ఆ పిల్ల చచ్చేది. నన్ను తీసుకుపోండి," అని ఏడ్చాను. ఆమె చెయ్యి విడిపించుకోలేదు. కాసేపు బస్సు వైపు చూసింది. "పసిదానికి బొడ్డు ఊడేదాకా ఉండు. తర్వాత చూద్దాం," అని ఎక్కేసింది.

బొడ్డు ఊడేలోపే పక్కవీధి నుంచి పిలుపొచ్చింది. ఆ తర్వాత పక్క పల్లె. జేజే నా వెంట వచ్చి, "ఈ పిల్ల చెయ్యి మంచిది, రానియ్యండే," అని గడపలు దాటించింది. తర్వాత చూద్దామన్న మాట ఆమె గానీ, నేను గానీ మళ్ళీ ఎత్తలేదు. సర్వీసంతా కొమరోలు, గిద్దలూరు మధ్య పల్లెల్లోనే అయిపోయింది. ఆ ఒక్కరోజు ఆమె బస్సు దిగడం నా అదృష్టమని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకు తిరిగాను.

మొన్న సభయ్యాక ఖాసింబీ ఇంటికి పోయి చాయ్ తాగుతూ ఆ సంగతే ఎత్తుకున్నాను. గొర్రెల దగ్గరికొచ్చేసరికి నేనే నవ్వాను, ఖాసింబీ నవ్వలేదు.

"ఆ పొద్దు ఆమె ఎందుకొచ్చిందనుకున్నావు నువ్వు?"

"ఎందుకేముంది, ఎప్పుడూ వచ్చేదేగా."

"కాదే. నిన్ను తోడుకోని రాను పోయింది. నువ్వు ఏడ్చి పోయినావని నేనే చెప్పినా. ఆమె డాక్టరుతోని కొట్లాడి నా వార్డులోనే నీకు డ్యూటీ ఇప్పించింది. బస్సెక్కేముందు నా గదికొచ్చి, సాయంత్రం దాన్ని తీసుకొస్తా, నీ పక్కన మంచం ఏపిచ్చు, అన్నం వండి పెట్టు అన్నది. మంచం ఏపిచ్చినా. నీకిష్టమని చింతచిగురు పప్పు చేసినా. చూస్తే ఆమె ఒక్కతే దిగింది. ఏదీ అది అంటే, 'అది రాదు, దానికి ఊరు దొరికింది, మంచం తీసెయ్' అన్నది."

"నేను వస్తానన్నానే! ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చానే!"

"అది నాకేం ఎరుక? నీకు చెప్పొద్దని ఒట్టు ఏపిచ్చుకున్నది. ఇప్పుడామె పోయింది, ఒట్టూ పోయింది."

ఆ రాత్రి ఖాసింబీ ఎంత బతిమాలినా ఉండకుండా ఊరికొచ్చేశాను. అప్పటినుంచీ ఇట్లా తిరుగుతున్నాను. గిద్దలూరు బస్టాండులో నేను కనిపిస్తే పెద్దపెద్ద మగపిల్లలు సైకిళ్ళు దిగి, "నన్ను పుట్టిచ్చింది నువ్వేనంట గదా నర్సమ్మా," అంటారు. అది నాకిష్టం, కాదనను. కానీ బతుకు నాది. వంట సిద్ధంగా ఉంది, మంచం సిద్ధంగా ఉంది, వస్తానని నేను నోరు తెరిచి అడిగాను. ఆ ఊరి ముసలమ్మతో గడపలో నిలబడి బేరమాడిన మనిషి, నాతో మాత్రం ఒక్కమాట అనకుండా బస్సెక్కేసింది. చెప్పి ఉంటే ఆ క్షణమే సంచి పట్టుకుని వచ్చేసేదాన్ని. ఆ సంగతి నాకంటే బాగా ఆమెకు తెలుసు. అదే నాకు మింగుడు పడటం లేదు.